పరీక్షలయ్యేదాకా

మా ఆయన వరప్రసాద్‌కి అర్జీలు రాయడం మీద ఉన్న ఇష్టం అన్నం మీద కూడా లేదు. లక్డీకాపూల్లో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఊరివాళ్ల అర్జీలు చదివి, ఇంటికొచ్చాక తనవి రాసుకుంటారు. వీధి దీపం వెలగకపోతే అర్జీ, నల్లా నీళ్లు రంగు మారితే అర్జీ, పక్కవాళ్లు చెత్త బుట్ట ఒక అడుగు ఇటు జరిపితే అర్జీ. "మీ అబ్బాయికి చిన్నప్పుడు ఉగ్గుతో పాటు సిరా కూడా పట్టారా ఏమిటి?" అని మా అత్తగారు బుజ్జమ్మని నేను ఆటపట్టించేదాన్ని. "వాళ్ల నాన్నదీ ఇదే వరసమ్మా. రాజధాని మారినప్పుడు కర్నూలునుంచి ఆఫీసుతో పాటు బదిలీ అయి వచ్చారు. వచ్చినవారు ఆఫీసుని ఇంట్లోకి కూడా తెచ్చుకున్నారు" అనేవారావిడ.

మేముండేది అబిడ్స్‌కీ నాంపల్లి స్టేషన్‌కీ మధ్య ఒక గల్లీలో, రెండో అంతస్తులో. మా బాల్కనీకి ఎదురుగా కింద షట్టరు గదిలో బాలకిషన్ బ్యాండు, ఆ పైన వాళ్ల ఇల్లు. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే భోజనాలయ్యాక వాళ్లంతా గల్లీలోనే నిలబడి సాధన మొదలుపెడతారు. గదిలో అంతమంది పట్టరు మరి. పెళ్లివాళ్లందరికీ ఆ యేటి కొత్త పాటే కావాలి. అదే పాట, అందులో అదే ముక్క. ట్రంపెట్ వాయించే మనిషి అక్కడే తప్పడం, బాలకిషన్ క్లారినెట్ నోట్లోంచి తీసి తిట్టడం. పెద్ద డ్రమ్ము మోగితే మా వంటింటి గూట్లో గిన్నెలు కదిలేవి. అయినా ఏళ్లతరబడి విన్న చప్పుడే. అది లేకపోతే మా అత్తగారికి మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు.

ఆ ఎండాకాలం మా అమ్మాయి లహరికి నీట్ పరీక్ష. రాయడం రెండోసారి. నిరుడు కొద్దిలో సీటు పోయి, ఇంట్లో చావు జరిగినంత పనయింది. అందుకని ఈసారి టీవీ మీద దుప్పటి కప్పేశాం. కుక్కరు రెండో కూత కూస్తుండగానే నేను పరుగెత్తుకెళ్లి కట్టేసేదాన్ని. అత్తగారు విష్ణు సహస్రనామం పెదవులు కదపకుండా చదువుకునేవారు. ఇంత చేస్తే ఏం లాభం, మధ్యాహ్నమయ్యేసరికి ఎదురింటి డ్రమ్ము మోగేది. ఏప్రిల్ మొదట్లో ఒకరోజు నమూనా పరీక్ష రాసుకుంటూ లహరి మధ్యలో లేచి, పుస్తకం గోడకేసి కొట్టి ఏడ్చింది. ఆ సాయంత్రం మా ఆయన కలం తీశారు. నేను వద్దనలేదు. కాఫీ కలిపి పక్కన పెట్టాను.

సోమవారం వార్డు ఆఫీసులో అర్జీలు వింటారు. ఇద్దరం వెళ్లాం. మాకంటే ముందు ఒకాయన డ్రైనేజీ మూత పోయిందని, ఇంకొకావిడ కుక్కల గురించి వచ్చారు. "కుక్కలను పట్టుకపోతం మేడం. కానీ ఆపరేషన్ జేసినంక మళ్ల తెచ్చి మీ గల్లీలనే ఇడువాలె, రూలు" అంటున్నాడు వార్డు ఆఫీసరు విజయేందర్. "మరి పట్టుకెళ్లడం ఎందుకయ్యా?" అందావిడ. ఆయన నవ్వేశాడు. మర్యాదస్తుడు. మా ఆయన రాసిన మూడు పేజీల అర్జీ మొత్తం ఓపిగ్గా చదివాడు.

"సార్, చప్పుడు కేసు పోలీసోళ్లది. మా తాన ఉన్నది షాపు లైసెన్సు ఒక్కటే. అండ్ల బ్యాండు ఆఫీసు అని ఉన్నది గని, గల్లీల వాయించొచ్చని లేదు. నోటీసు ఇమ్మంటే ఇస్త. సీజన్ టైముల ఇస్తే వాళ్ల పొట్ట మీద కొట్టినట్టయితది. వాళ్లను గూడ పిలిపించిన. జర మీరు మీరు మాట్లాడుకోరాదుండ్రి."

బాలకిషన్ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, నిలువెత్తు మనిషి వంగి లోపలికొచ్చాడు. వెనకే ఆయన భార్య సౌభాగ్యమ్మ. ఆవిడ నేరుగా వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుని, సంచీలోంచి నీళ్ల సీసా తీసి ముందు నాకే ఇచ్చింది. "మీరు గూడ వచ్చిన్రా అమ్మా, గింత ఎండల" అంది. మా మీద కేసు పెట్టారేమిటని మాట వరసకైనా అనలేదు. ఆ నీళ్లు నేను తాగాను, దాహంగా ఉండి.

"పాపకు పరీక్షలని మాకు చెప్పనే లేదు గద సార్" అన్నాడు బాలకిషన్ మా ఆయనతో. "బాల్కనీలకెళ్లి ఒక్క మాటంటే బంద్ చేస్తుంటిమి. గీడిదాంక ఎందుకొచ్చిన్రు?"

ఎదురింటివాడితో ఒక మాట చెప్పడమనే పద్ధతి మా ఆయన అర్జీల్లో ఎక్కడా లేదు. జవాబు లేనప్పుడు ఆయన గొంతు పెంచుతారు. "ఒక్కరోజు ఆపితే సరిపోదండీ. పరీక్షలయ్యేదాకా గల్లీలో బ్యాండు మోగడానికి వీల్లేదు. పెళ్లయినా, చావైనా."

"మోగది" అన్నాడు బాలకిషన్. "పరీక్షలు అయిపోయినంక మీరే ఒక మాట చెప్పుండ్రి. అప్పటిదాంక మోగది."

"అలాగే. అయిపోగానే నేనే వచ్చి చెప్తాను. మరి కాగితం మీద రాసిస్తారా?"

"రాసుడెందుకు సార్? మా ధంద నడిచేదే మాట మీద. పెళ్లోళ్లకు ఫలానా తారీఖు వస్తమని ఒక్కసారి అన్నమంటే, ఇంట్ల ఏమున్నా పోతం. మా నాయిన నేర్పింది గంతే."

విజయేందర్ కంప్యూటర్లో మా అర్జీ ఎదుట పరిష్కారమైందని కొట్టేశాడు. తర్వాతి మనిషిని పిలిచాడు. మెట్లు దిగుతూ మా ఆయన మీసం దువ్వుకోవడం ఒక్కటే తక్కువ. నేనూ తక్కువ తినలేదు, వస్తూ వస్తూ అబిడ్స్‌లో ఆగి బాదం పాలు తాగుదామన్నాను.

ఆ మర్నాటినుంచి గల్లీ గల్లీలా లేదు. మధ్యాహ్నం కాగానే ట్రాలీ ఆటో వచ్చేది. ఎక్కించేటప్పుడు మోగకుండా తాళాలకీ డ్రమ్ములకీ పాత చీరలు చుట్టి ఎక్కించేవారు. అంత ఎండలో చాదర్‌ఘాట్ దాకా పోయి, మూసీ పక్కన ఖాళీ జాగాలో సాధన చేసుకుని, ముఖాలు కమిలిపోయి వచ్చేవారు. చెట్టు నీడైనా లేదట అక్కడ. పనిమనిషి చెబితే విన్నాను. విని, "పాపం" అన్నాను. ఆ మాటకి ఖర్చేముంది.

సౌభాగ్యమ్మ అంతటితో ఆగలేదు. పాత ఇనుప సామాన్లవాడు మైకు పెట్టుకుని గల్లీలోకి వస్తే ఎదురెళ్లి, "బంద్ జెయ్యయ్యా, పైన పిల్ల చదువుతున్నది" అనేది. గల్లీలో క్రికెట్ ఆడే పిల్లల్ని ఎగ్జిబిషన్ గ్రౌండు వైపు తోలేసింది. ఆఖరికి కోడలు మనవణ్ణి గట్టిగా కసురుకున్నా, మా బాల్కనీ వైపు చూపించి నోటిమీద వేలు పెట్టేది. కూరగాయల బండి దగ్గర కనబడితే అడిగేది, "పాప మంచిగ తింటున్నదా? తల చల్లగుండాలె అమ్మా, సబ్జ గింజలు నానబెట్టి ఇయ్యి" అని. నేను ఇచ్చాను కూడా.

మే మొదటి ఆదివారం పరీక్ష అయిపోయింది. లహరి నవ్వుతూ బయటికొచ్చింది. ఆ నవ్వు చూసి మా ఆయన సెంటరు బయట, అందరి ముందూ కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం టీవీ మీద దుప్పటి తీశాం. కుక్కరు ఎన్ని కూతలు కూస్తే అన్ని కూయనిచ్చాను.

"అమ్మా, ఎదురింటి తాతకి చెప్పొద్దా?" అంది లహరి మర్నాడు.

"మీ నాన్న చెప్తారులే."

మా ఆయన పేపరు మడిచారు. "ఫలితాలు రానీవే. ఖర్మ కాలి మళ్లీ రాయాల్సొస్తే మళ్లీ వెళ్లి అడగాలా? బాగోదు. అయినా వాళ్లకి చాదర్‌ఘాట్ అలవాటైపోయిందిగా."

"ఒరేయ్ ప్రసాదూ, అడిగి తెచ్చుకున్న వస్తువు పనవగానే తిరిగి ఇచ్చెయ్యాలిరా" అన్నారు అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. లేకపోతే ఆవిడే వెళ్లి చెప్పేవారు.

"చూద్దాంలే అమ్మా" అన్నారీయన.

నేనెందుకు పట్టుబట్టలేదంటే, నిజం చెప్పాలి, ఆ మధ్యాహ్నం పడుకుంటే నాలుగింటికి గానీ మెలకువ రాలేదు. ఈ ఇంటికి కాపురానికి వచ్చాక అంత నిద్ర ఎన్నడూ ఎరగను. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడూ అలాగే నిద్రపట్టింది. లహరి రెండుసార్లు అడిగి, స్నేహితురాలు మృదుల వాళ్లింటికి వారం రోజులు వెళ్లిపోయింది.

ఆ వారంలోనే కూరగాయల బండి దగ్గర సౌభాగ్యమ్మ కలిసింది. మనిషి కొంచెం చిక్కినట్టుంది. బెండకాయలు ఏరుతూ, ఏదో అడక్కూడనిది అడుగుతున్నట్టు మెల్లగా అడిగింది.

"పాప పరీక్షలు ఇంకెన్నొద్దులున్నయమ్మా? ఏం లేదు, మా ఆయనకు ఎండ తాకి జర తల తిప్పుతున్నదట."

అయిపోయాయి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎప్పుడయ్యాయి అంటే ఏం చెప్పను? "ఇంకా... కౌన్సెలింగూ అవీ ఉన్నాయి కదండీ" అన్నాను.

"అట్లనా" అందావిడ. కౌన్సెలింగంటే అదేదో పెద్ద పరీక్ష అనుకుందని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. "చదువుకోనీ అమ్మా. డాక్టరమ్మ అయితే మాకే మంచిది, గల్లీలనే దవాఖాన." నవ్వుతూ, బండివాడితో బేరం చేసి నా సంచీలో కూడా రెండు నిమ్మకాయలు కొసరు వేయించింది. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. కూర మాత్రం వండాను.

తర్వాతి వారం ఒక పొద్దున పాలు కాచుకుంటుంటే బాల్కనీలోంచి అత్తగారు పిలిచారు. ఎదురింటి ముందు కుర్చీలు వేస్తున్నారు. సౌభాగ్యమ్మ తెల్లవారుజామున గుండె ఆగి పోయిందని పాలవాడు చెప్పాడు. చావింట్లో ఏడుపులు వినబడాలి కదా. వినబడలేదు. చెవులు రిక్కిస్తే కోడలు వెక్కుతున్న చప్పుడు, ఎవరో పెద్దావిడ "ఊర్కో, ఊర్కో" అనడం, అంతే. అత్తగారు నా ముఖంలోకి చూశారు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

పదిన్నరకల్లా గల్లీ నిండిపోయింది. బ్యాండువాళ్ల ఇంట్లో ఎవరు పోయినా ఊళ్లో బ్యాండ్లవాళ్లంతా పిలవకుండానే వస్తారు. గడప దగ్గరినుంచి గల్లీ చివరిదాకా వాయిస్తూ సాగనంపుతారు. పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపినట్టే పంపాలట. వాయించకుండా పంపితే మనిషిని దొడ్డిదారిన పంపినట్టని వాళ్లలో మాట. చాదర్‌ఘాట్ నుంచి, ధూల్‌పేట నుంచి, ఎక్కడెక్కడినుంచో ఎర్ర కోట్లూ నీలం కోట్లూ వేసుకుని వచ్చారు. ఎండలో చెమటలు కారుతున్నాయి. అందరి చేతుల్లో వాయిద్యాలున్నాయి. ఎవరూ వాయించడం లేదు.

మా ఆయన పూలదండ తెప్పించారు. ఇద్దరం దిగాం. ఆ ముందురోజే మృదుల వాళ్లింటినుంచి వచ్చిన లహరి, నానమ్మ పక్కన బాల్కనీలోనే నిలబడింది. సౌభాగ్యమ్మ ముఖానికి పసుపు రాసి, నుదుట రూపాయంత బొట్టు పెట్టారు. దండ వేసి పక్కకి జరిగాం. పాడె దగ్గర నీలం కోటు పెద్దమనిషి ఒకాయన బాలకిషన్ చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు.

"ఏంది బాలన్నా ఇది. వదినను గిట్లనే పంపుతవా? మేమంతా ఉండి? ఒక్క పాట, గల్లీ మలుపుదాంక. ఎవడేమంటడు?"

"వద్దన్న గద మొగులయ్యా. ఊర్కో."

మా ఆయన ముందుకి వెళ్లారు. చొక్కా గుండీ సర్దుకున్నారు. అర్జీలు రాసే మనిషికి మాట తడబడటం నేను చూడటం అదే మొదలు. "బాలకిషన్ గారూ... వాయించమనండి. నేనే చెప్తున్నాను కదా, వాయించమనండి."

బాలకిషన్ చేతులు జోడించాడు. కోపం ఉంటే బాగుండేది. ఆ ముఖంలో వెతికినా లేదు.

"వద్దు సార్. ఆఫీసరు ముంగట మాటిచ్చిన. మీరు గూడ ఆనాడే అన్నరు గద, పెళ్లయినా సావైనా అని. మీరిప్పుడు మొహమాటానికి అంటరు. పాప చదువు చెడుతది. సౌభాగ్యకు గూడ అది ఇష్టముండది. పిల్ల పరీక్షలు అయిపోయినంక దాని పేరు మీద మంచిగ వాయించుకుంటం."

ఇంక చెప్పాల్సింది ఒక్కటే మాట. పరీక్షలు అయిపోయాయి. ఈయన నోరు తెరిచారు. చుట్టూ ఆ రంగు కోట్లవాళ్లంతా మావైపే చూస్తున్నారు. ఎప్పుడైపోయాయి సార్ అని ఒక్కడు అడిగితే చాలు. మా ఆయన నావైపు చూశారు. నేను నా చీర కొంగు వైపు చూసుకున్నాను. ఈయన నోరు మూసుకుని, తలూపి, వెనక్కి వచ్చేశారు.

పాడె లేచింది. బ్యాండువాళ్లు రెండు వరసలు కట్టి, క్లారినెట్లూ ట్రంపెట్లూ గుండెలకి ఆనించుకుని నడిచారు. ఒకతని చేతిలో తాళాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. అతను ఉలిక్కిపడి, మా బాల్కనీ వైపు చూసి, రెంటినీ చంకలో ఇరికించుకున్నాడు. ఆ తర్వాత అన్ని బూట్లూ నేల మీద పడే చప్పుడొక్కటే. గల్లీ చివర శవాన్ని తీసుకెళ్లే బండి ఆగి ఉంది. పెద్ద రోడ్డు మీద బస్సులూ ఆటోలూ హారన్లు కొడుతూనే ఉన్నాయి. సౌభాగ్యమ్మని బండిలోకి ఎక్కించారు. ఇంత సిగ్గు మనిషి పుట్టాక పడకూడదు.

పైకి రాగానే లహరి గుమ్మంలోనే అడిగింది, "చెప్పలేదా?" అని. ఈయన స్నానానికి వెళ్లిపోయారు. అది నావైపు తిరిగింది. "వంట చెయ్యాలి" అన్నాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. తర్వాత కూడా మధ్యాహ్నాలు పడుకోవడం నావల్ల కాలేదు. గల్లీ అంత ప్రశాంతంగానే ఉంది. ఈయన నాలుగైదుసార్లు చెప్పులు వేసుకుని మెట్లదాకా వెళ్లి తిరిగొచ్చారు. ఇప్పుడు చెబితే ఆ రోజు ఎందుకు చెప్పలేదని కదా అడుగుతారు. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కిందే తప్ప తగ్గలేదు.

దినాలకి ముందురోజు సాయంత్రం తలుపు తట్టారు. బాలకిషన్. గుండు చేయించుకున్నాడు. ఆ గుండుతో పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. లోపలికి రమ్మంటే, మైల ఉందని గడప అవతలే నిలబడ్డాడు.

"ఏం లేదు సార్. రేపు దినాలు. సౌభాగ్య పేరు మీద చుట్టాలు జర భజన పెట్టుకుందామంటున్రు. డోలక్ ఉంటది, ఒక గంట. ఎంత మెల్లగ చేసినా చప్పుడైతది గద. పాపకు రేపు పరీక్ష గిట్ల ఏమన్న ఉన్నదా? ఉంటే చాదర్‌ఘాట్‌ల మా తమ్మునింట్ల పెట్టుకుంటం. ఫికర్ లేదు."

మా ఆయన తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డారు. నేను ఆయన వెనక నిలబడ్డాను. మా అత్తగారు కుర్చీలోంచి చూస్తున్నారు. లోపలి గదిలోంచి లహరి వచ్చి, మా ఇద్దరి మధ్యనుంచి దారి చేసుకుని గడప దగ్గర నిలబడింది.

"పరీక్షలు లేవు తాతా. ఎప్పుడో అయిపోయాయి. మామ్మ పోకముందే అయిపోయాయి."

బాలకిషన్ దాన్ని చూశాడు. తర్వాత మా ఆయన్ని చూశాడు. ఆ తర్వాత నన్ను. కౌన్సెలింగ్ మాట సౌభాగ్యమ్మ ఇంటికెళ్లి చెప్పే ఉంటుంది కదా అని అప్పుడు తట్టింది నాకు. తిడతాడనుకున్నాను. తిట్టమని లోపల మొక్కుకున్నాను కూడా. పెద్దమనిషి చేత్తో గుండు తడుముకున్నాడు. మళ్లీ లహరివైపే తిరిగాడు.

"మంచిగ రాసినవా, బిడ్డా?"

లహరి తలూపింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సౌభాగ్య రోజు అడుగుతుండె, పాప ఎట్ల రాస్తదో ఏమో అని" అన్నాడు. అని, మాకు దండం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. తలుపు వెయ్యడానికి మా ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.